1788 నాటి తెల్ల మీనా ఉంగరం: వెనకాల చెక్కిన అక్షరాలకు అర్థం ఏమిటి?

యార్క్‌షైర్_తెలుగమ్మాయి | శనివారం, ఉదయం 9:10
అందరికీ నమస్కారం. పాత నగల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని రాస్తున్నాను. మేం ఇంగ్లండ్‌లో లీడ్స్ దగ్గర ఉంటాం. మా పక్కింటి పెద్దావిడ పోయిన నెల ఇల్లు ఖాళీ చేసి వెళ్లారు. సామాన్లు సర్దడానికి నాలుగు రోజులు సాయం చేశాను. వెళ్లేముందు నా చేతిలో చిన్న తోలు డబ్బా పెట్టి, "నాకు పిల్లల్లేరు, నువ్వైతే దీన్ని పారెయ్యవు" అన్నారు. అందులో బంగారు ఉంగరం ఉంది. వాళ్ల నాయనమ్మ దగ్గర్నుంచి వచ్చిందట.

ఉంగరం తల నిలువుగా కన్ను ఆకారంలో ఉంది, పైనా కిందా మొనదేలి ఉంది. గాజు కింద లేత గోధుమరంగు బొమ్మ. ఒక దిమ్మె, దాని మీద మూత పెట్టిన కలశం లాంటి పాత్ర, పక్కనే కొమ్మలన్నీ కిందికి వాలిపోయిన చెట్టు. గాజు చుట్టూ సన్నటి తెల్లని అంచు ఉంది. ఒకచోట ఆవగింజంత పెచ్చు ఊడింది. వెనకవైపు ఒక పేరు చెక్కి ఉంది (ఇక్కడ రాయడం లేదు). పేరు తర్వాత ఇంగ్లిష్‌లో ఓ, బి అక్షరాలు, 1788, ఆ తర్వాత ఏ, ఈ కలిపి రాసి పక్కన టి, చివర 3 అంకె. ఓ.బి. అంటే చేసిన కంసాలి పొడి అక్షరాలా?

వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. ఎవరో పోతే చేయించుకున్న ఉంగరం అయ్యుంటుందని నేను అనగానే మొహం మారిపోయింది. "ఎవరి చావుదో మనింట్లో ఎందుకే, ఎవరికైనా ఇచ్చెయ్" అంది. రెండు రోజులుగా అదే టెన్షన్. ఉంగరం నా వేలికి బిగుతుగా ఉంది. సంక్రాంతికి హైదరాబాద్ వచ్చినప్పుడు తెలిసిన కంసాలి దగ్గర సైజు పెంచిద్దామనుకున్నాను. తెలిసినవాళ్లు ఏదైనా చెప్పండి.

పాతనగలు_ప్రాణం | శనివారం, ఉదయం 10:42
చెల్లెమ్మా, మీరన్నది నిజమే, అది సంతాప ఉంగరం. ఓ.బి. కంసాలి పేరు కాదు. లాటిన్‌లో "ఓబీట్" అంటే "మరణించెను". ఆ ఏ, ఈ, టి అక్షరాలు "ఏటాటిస్" అనే మాటకి కుదింపు, అంటే "వయసు". కాబట్టి వెనకాల ఉన్నది ఇదీ: ఫలానావారు 1788లో చనిపోయారు, వయసు 3.

తెల్ల అంచుకి కారణం కూడా అదే. ఆ కాలం ఇంగ్లండ్‌లో మామూలుగా సంతాప ఉంగరాలకి నల్ల మీనా (ఎనామిల్ పూత) వేసేవారు. చనిపోయింది చిన్నపిల్లలో పెళ్లికానివాళ్లో అయితే తెల్ల మీనా వేయడం ఆచారం.

బొమ్మలో ఉన్న పాత్ర అస్థికలు ఉంచే కలశం. అలాగని వాళ్లు దహనం చేశారనుకోకండి, పూడ్చేవారు. అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాత రోమన్ ఊళ్లు హెర్క్యులేనియంలో 1738లో, పాంపేలో 1748లో తవ్వకాలు మొదలయ్యాక పాత రోము, గ్రీసు వస్తువులంటే యూరప్ అంతా మోజు పెరిగింది. సమాధుల మీదా నగల మీదా రోమన్ల కలశం అలా వచ్చి చేరింది. ఆ చెట్టు విల్లో. కొమ్మలు వాలి ఉంటాయి గనక వాళ్లు దాన్ని "ఏడ్చే విల్లో" అంటారు. కన్ను ఆకారమూ 1780, 90లలో బాగా నడిచిన ఫ్యాషనే. అంటే ఆకారం, బొమ్మ, తేదీ మూడూ ఒకదానికొకటి సరిపోతున్నాయి. పాత నగ చేతికొస్తే నేను ముందు చూసేది ఈ పొంతనే.

యార్క్‌షైర్_తెలుగమ్మాయి | శనివారం, ఉదయం 11:05
మూడు అంటే మూడో నంబరు ఉంగరమనో ఇంకేదో అనుకున్నానండీ. మూడేళ్ల బిడ్డ అనుకోలేదు. మా బాబుకి వచ్చే నెల మూడు నిండుతాయి. కాసేపాగి మళ్లీ వస్తాను.

విజయవాడ_వాణి | శనివారం, మధ్యాహ్నం 12:30
మీ అమ్మగారి బాధ నాకు అర్థమైంది. మన ఇళ్లలో మనిషి పోతే బంగారం తీసేస్తారు. మా పెద్దమ్మకి పదో రోజున పుస్తెలు, మెట్టెలు తీయించడం నేను కళ్లారా చూశాను, ఇప్పటికీ ఆ గది గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది. అక్కడేమో మనిషి పోయారని కొత్తగా బంగారం చేయించి వేలికి పెట్టుకున్నారు. మనకి వింతగా అనిపించేది అదే. జుట్టు సంగతీ అంతే. మనం పుట్టెంట్రుకలు దేవుడికిస్తాం, కర్మ చేసేవాళ్లు గుండు చేయించుకుంటారు, రాలిన వెంట్రుక అన్నంలో కనిపిస్తే కంచం పక్కకి నెట్టేస్తాం. వాళ్లు చనిపోయినవాళ్ల జుట్టుని గాజు కింద దాచుకున్నారని చదివాను. ఈ ఉంగరంలో జుట్టు ఉందా? ఉంటే మీ అమ్మగారికి ఇప్పుడే చెప్పకండి, నెమ్మదిగా చెప్పండి.

న్యూజెర్సీ_నాన్న | శనివారం, సాయంత్రం 6:15
ఇదంతా విక్టోరియా రాణి మొదలుపెట్టిన పద్ధతి కదా? భర్త ఆల్బర్ట్ 1861 డిసెంబరు 14న పోయాక ఆవిడ 1901లో తను పోయేదాకా నలుపు విడవలేదు. అప్పటినుంచే ఈ నగలు వచ్చాయని చదివాను. అలాంటప్పుడు 1788 అంటే డూప్లికేట్ ఏమో చూసుకోండి.

పాతనగలు_ప్రాణం | శనివారం, రాత్రి 8:50
అన్నా, విక్టోరియా వల్ల ఇవి ఇంటింటికీ చేరాయి, అంతవరకు నిజం. పద్ధతి మాత్రం చాలా పాతది. 1616లో షేక్‌స్పియర్ తన వీలునామాలో నాటక బృందంలోని హెమింజ్, బర్బేజ్, కాండెల్ అనే ముగ్గురికి ఉంగరాలు కొనుక్కోమని తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు రాశాడు. పోయేవాళ్లే డబ్బు విడిచి, నా పేరు మీద ఉంగరం పెట్టుకోండి అని అడగడం అప్పటికే మామూలు. 1703లో డైరీలతో పేరుపొందిన శామ్యూల్ పీప్స్ చనిపోయినప్పుడు వందకు పైగా ఉంగరాలు పంచారు. అవీ అందరికీ ఒకటి కాదు. దగ్గరివాళ్లకి 20 షిల్లింగులవి, తర్వాతివాళ్లకి 15, ఆ తర్వాత 10. ఎవరు ఎంత దగ్గరో ఉంగరం బరువే చెప్పేసేది. ఆ పద్ధతి నాకు నచ్చదు, కానీ జరిగింది అదే.

1649 జనవరి 30న ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ తల నరికాక, రాజు పక్షంవాళ్లు అతని చిన్న బొమ్మ ఉన్న ఉంగరాలు పెట్టుకున్నారు. ఆ శతాబ్దపు ఉంగరాల మీద ఎక్కువగా కనిపించేవి పుర్రె, ఎముకలు. నీకూ చావుంది, గుర్తుంచుకో అని వాటి అర్థం. 18వ శతాబ్దం చివరికి పుర్రె పోయి కలశం, విల్లో, ఏడుస్తున్న స్త్రీ వచ్చాయి. పుర్రె పెట్టుకున్నవాడిని భయపెట్టేది. విల్లో వాడితో కూర్చుని ఏడ్చేది. నాకు ఈ మార్పే అన్నిటికన్నా ఇష్టం.

విక్టోరియా కాలానికి గుర్తులు ఇంకా పెరిగాయి. చిన్న ముత్యాలు కన్నీళ్లకి. తన తోక తానే పట్టుకున్న పాము అంతం లేనితనానికి. ఐవీ తీగ విడవని ప్రేమకి. లంగరు ఆశకి. తుంచిన మొగ్గ కనిపిస్తే పోయింది చిన్నవాళ్లని, పండిన గోధుమ కంకులు కనిపిస్తే నిండు వయసులో పోయారని అనుకోవచ్చు. వీటి మీద తరచూ కనిపించే మాట ఒకటుంది. మన మాటల్లో చెప్పాలంటే, "దూరమవ్వలేదు, ముందు వెళ్లారంతే."

తెల్ల మీనా గురించి ఒక మాట. అది కచ్చితమైన రూలు కాదు, తప్పిన సందర్భాలూ ఉన్నాయి. మీ ఉంగరం మీద వయసే రాసి ఉంది కాబట్టి ఇక్కడ అనుమానం లేదు.

పులికాట్_పక్షి | శనివారం, రాత్రి 9:35
పుర్రెల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మాది సూళ్లూరుపేట. పులికాట్ సరస్సుకి ఆ చివర, తమిళనాడు వైపు పులికాట్ ఊళ్లో డచ్చివాళ్ల పాత శ్మశానం ఉంది. దాని గేటుకి రెండు పక్కలా రెండు రాతి అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. చిన్నప్పుడు మా మామయ్య చూపిస్తే భయంతో కళ్లు మూసుకున్నాను. దెయ్యాలు రాకుండా కాపలా పెట్టారేమో అనుకునేవాణ్ణి. పైన రాసింది చదివాక అర్థమైంది. ఆ ఉంగరాల మీది పుర్రె చెప్పే మాటే ఈ గేటు కూడా చెబుతోంది. వాళ్లు మన తీరానికి బట్టల వ్యాపారానికి వచ్చి, పాతికా ముప్పై ఏళ్లకే ఇక్కడి జ్వరాలకి పోయినవాళ్లు చాలామంది. సమాధి రాళ్ల మీద ఏళ్లు చదివితే తెలుస్తుంది.

కొలిమి_కబుర్లు | ఆదివారం, ఉదయం 7:20
మాది ప్రొద్దుటూరు, మూడు తరాలుగా ఇదే పని. అమ్మా, దయచేసి ఆ ఉంగరానికి సైజు పెంచకండి. ఇది ఒక్కటి వింటే చాలు.

ఎందుకో చెబుతాను. మీనా అంటే రంగు కాదు, గాజు. పొడి చేసిన గాజుని బంగారం మీద పరిచి కొలిమిలో కరిగిస్తాం. అది బంగారానికి అతుక్కుని ఉంటుందే గానీ సాగదు. సైజు పెంచాలంటే కడ్డీ కోసి, ముక్క వేసి, టంకం పెట్టాలి. ఆ వేడి తల దాకా పాకితే తెల్ల అంచు పగుళ్లిస్తుంది. గాజు కింద బొమ్మ ఉందంటున్నారు, అది మాడిపోతుంది. జుట్టు ఉంటే అసలు మిగలదు. వేడి లేకుండా కర్రకి ఎక్కించి సాగదీసినా మీనా చిట్లుతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో మీనా వేసిన పాత పతకం ఒకటి టంకానికి వచ్చింది. తడిగుడ్డ చుట్టి జాగ్రత్తగానే చేశాను. అయినా రెండు రేకులు చిట్లిపోయాయి. ఇచ్చినావిడ ఏమీ అనలేదు, ఊరికే చేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నన్ను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

కడగడం కూడా వద్దు. మెషీన్లో వేసి కదిలించే పని అసలే వద్దు. గాజు చుట్టూ ఉన్న సందులోంచి నీళ్లు లోపలికి పోతే బొమ్మ చెదిరిపోతుంది. మెత్తటి పొడిగుడ్డతో పైపైన తుడవండి. మెరుగు పెట్టించొద్దు. వెనకాల చెక్కిన అక్షరాలు ఇప్పటికే అరిగి ఉంటాయి, ఇంకోసారి మెరుగు పడితే ఆ బిడ్డ పేరు పోతుంది.

బంగారం గురించి అడగలేదు గానీ చెబుతా. ఇంగ్లండ్‌లో 1798 దాకా చట్టం ఒప్పుకున్నది 22 కారట్లే, మన 916. ఆ ఏడు 18కి అనుమతిచ్చారు. 1854లో 15, 12, 9 కూడా వచ్చాయి. 1932లో 15, 12 తీసేసి 14 పెట్టారు. కాబట్టి 15 ముద్ర ఉంటే ఆ నగ 1854కీ 1932కీ మధ్యది. ఇంకో సంగతి. 1738 చట్టంలో రాళ్లు పొదిగిన నగలకి ముద్ర అక్కర్లేదని మినహాయించారు, ఆ మినహాయింపులోంచి సంతాప ఉంగరాల్ని మాత్రం పేరుపెట్టి తీసేశారు. అయినా ముద్ర లేనివి చాలానే దొరుకుతాయి. అందుకని మీ దానికి ముద్ర లేకపోయినా కంగారు పడకండి, గీటురాయి మీద గీయించకండి.

సుబ్బు_సికింద్రాబాద్ | ఆదివారం, ఉదయం 9:00
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయి విట్‌బీ వెళ్లి నల్ల బ్రూచ్ ఒకటి తెచ్చింది. జెట్ అని అమ్మారట. అది రాయా, ప్లాస్టిక్కా ఎలా తెలుసుకోవాలి?

పాతనగలు_ప్రాణం | ఆదివారం, ఉదయం 10:10
సుబ్బు గారూ, జెట్ రాయి కాదు, చెక్క. దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందట నీళ్లలో మునిగి, మట్టి కింద నలిగి నల్లబడిన చెట్టు. యార్క్‌షైర్ తీరంలో విట్‌బీ దగ్గర కొండచరియల్లో దొరుకుతుంది. మెరుపు తక్కువ నలుపు కాబట్టి సంతాపం తొలి నెలల్లో బంగారం మెరవకూడదనుకున్నవాళ్లు దీన్ని పెట్టుకునేవారు. 1870ల నాటికి ఆ చిన్న ఊళ్లో వెయ్యి మందికి పైగా ఈ పని మీదే బతికారు.

చేతిలో పట్టుకుంటే జెట్ తేలిగ్గా ఉంటుంది, చల్లగా తగలదు. చల్లగా, బరువుగా ఉంటే నల్ల గాజు. దానికి ఫ్రెంచ్ జెట్ అని పేరు పెట్టి అమ్మేవారు. కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరిగి ఉంటే వల్కనైట్, అంటే గట్టిపరిచిన రబ్బరు. మెరుగు పెట్టని పింగాణీ మీద గీస్తే జెట్ గోధుమ గీత పెడుతుంది. కానీ గీసిన చోట అరుగుతుంది, కనపడని మూలన తప్ప గీయకండి. వేడి సూది గుచ్చి చూడమని కొందరు చెబుతారు, వినకండి.

చట్టం_చదివినోడు | ఆదివారం, మధ్యాహ్నం 1:45
ఉంగరం మన దేశానికి తెచ్చే ముందు ఒక్క నిమిషం. ఆ కాలం బొమ్మలు చాలావరకు పలచటి ఏనుగు దంతం రేకు మీద వేసేవారు. మీ బొమ్మ కింద తెల్లగా, సన్నటి చారలు కనిపిస్తే అదే అయ్యుంటుంది. బ్రిటన్‌లో 2018 నాటి దంతం చట్టం 2022 జూన్ 6 నుంచి అమల్లో ఉంది. దంతం ఉన్న వస్తువుని కొనడం, అమ్మడం, అద్దెకివ్వడం నిషేధం, కొన్ని పాత వస్తువులకి మాత్రం రిజిస్ట్రేషన్‌తో మినహాయింపు ఉంది. బహుమతిగా ఇచ్చినా, వారసత్వంగా వచ్చినా తప్పు కాదు. కాబట్టి మీ దగ్గర ఉండటానికి అడ్డేమీ లేదు. దేశం దాటించడం వేరే విషయం, దానికి అనుమతి కాగితాలు కావాలి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దంతం విషయంలో చాలా కఠినం. ఎయిర్‌పోర్టులో ఆ తలనొప్పి మీకెందుకు? కొలిమి గారు సైజు వద్దన్నారు కదా, అక్కడే ఉంచండి.

చిన్నక్క_నిడదవోలు | ఆదివారం, సాయంత్రం 4:20
నాకు ఈ ఇంగ్లిష్ నగల సంగతులేవీ తెలియవు తల్లీ. మా అమ్మమ్మ భోషాణం సంగతి చెబుతాను. అడుగున పసుపు గుడ్డలో ఒక జత వెండి గజ్జెలు, బంగారు గుండు ఒకటి గుచ్చిన మొలతాడు ఉండేవి. మా అమ్మకన్నా ముందు పుట్టిన మగబిడ్డవి. ఏడాదిన్నరకే మసూచికంతో పోయాడట. మనవళ్లు పుట్టినప్పుడు ఆ గజ్జెలు కడదామని ఎవరో అంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు, కరిగించనూ లేదు. ఇంట్లో డబ్బుకి కటకటలాడిన రోజుల్లో తన గాజులు అమ్మింది కానీ ఆ గుండు అమ్మలేదు. ఎప్పుడైనా మధ్యాహ్నం పూట అందరూ పడుకున్నాక ఆ గుడ్డ విప్పి, మళ్లీ ముడి వేసేది. నేను ఒకసారి నిద్ర నటిస్తూ చూశాను. మైల అని ఎవరూ అనలేదు. మీ అమ్మకి ఉంగరం చావుదని కాకుండా, మూడేళ్ల బిడ్డదని చెప్పి చూడు.

యార్క్‌షైర్_తెలుగమ్మాయి | ఆదివారం, రాత్రి 10:30
అందరికీ దండాలు. ఇవాళ పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం తెచ్చుకుని, కిటికీ దగ్గర కూర్చుని గంటసేపు చూశాను.

చట్టం గారూ, బొమ్మ కింద తెల్లటి నేల మీద సన్నటి చారలు ఉన్నాయి. ఇక్కడే ఉంచేస్తాను.

కలశం మామూలుగా కుంచెతో వేసినట్టే ఉంది. దిమ్మె మీద రెండు పొడి అక్షరాలు ఉన్నాయి, వెనకాల చెక్కిన పేరుకి సరిపోయాయి. చెట్టు మాత్రం వేరేగా ఉంది. కాండం రంగుతో వేశారు. వాలిన కొమ్మలేమో గీతల్లా లేవు, గాజు వైపు కొద్దిగా పైకి లేచి ఉన్నాయి. ఒక్కో ఆకు అతి చిన్న ముక్క, రెండు చివరలా కోసినట్టు ఉంది. ఎండ పడినప్పుడు కలశం మెరవలేదు, ఆకులు మెరిశాయి. లేత బంగారు రంగు. నేననుకున్నది నిజమేనా?

పాతనగలు_ప్రాణం | ఆదివారం, రాత్రి 11:15
నిజమే చెల్లెమ్మా. జుట్టుని సన్నగా కత్తిరించి జిగురుతో అతికేవారు, కొన్నిసార్లు నూరి రంగులో కలిపేవారు. ఆ బిడ్డ జుట్టుతోనే చెట్టుకి ఆకులు పెట్టారు. లేత బంగారు రంగు అంటున్నారు కాబట్టి, అది ఆ బిడ్డ తల రంగు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. జుట్టున్న ప్రతి నగా సంతాపానిది కాదు. ప్రేమికులూ స్నేహితులూ ప్రాణాలతో ఉండగానే జుట్టు ఇచ్చిపుచ్చుకునేవారు. రెండు రంగుల జుట్టు కలిపి అల్లి, తేదీ లేకుండా ఉంటే అది ఎక్కువగా ప్రేమ గుర్తే. విక్టోరియా కాలంలో దుకాణదారు తమవాళ్ల జుట్టు మార్చేసి ఎవరిదో పెడతాడేమోనని భయపడి, ఇంట్లోనే అల్లడం నేర్చుకున్న ఆడవాళ్లు చాలామంది. ఇప్పటి అమ్మకందార్లలో కొందరు ఖాళీ లాకెట్లలో కొత్త జుట్టు పెట్టి అమ్ముతున్నారు, ఇంకొందరు పేరు అరగదీసి మామూలు ఉంగరంగా అమ్ముతున్నారు. ఆ రెండోది చూస్తే నాకు కడుపు మండుతుంది.

వీలైతే లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో నగల గదికి వెళ్లండి, 91వ నంబరు. అక్కడి ఉంగరాల అద్దాల ముందు నిలబడితే మీ దాని తోబుట్టువులు కనిపిస్తాయి.

కొలిమి_కబుర్లు | సోమవారం, ఉదయం 6:50
పెచ్చు ఊడిన చోట ఏమీ నింపించకండి, అలాగే ఉండనివ్వండి. డబ్బాలో దూది వద్దు, పోగులు అంచుకి పట్టుకుని ఇంకో పెచ్చు లేపుతాయి. ఉతికిన మెత్తటి నూలుగుడ్డ వేయండి. ఎండ తగలని చోట, హీటరుకి దూరంగా, గాజు పైకి ఉండేలా పెట్టండి. చేతికి పెట్టుకుని అంట్లు తోమొద్దు.

యార్క్‌షైర్_తెలుగమ్మాయి | సోమవారం, రాత్రి 9:40
గుడ్డ మార్చానండీ, బాబు పాత జుబ్బా అంచు చించి వేశాను.

అమ్మకి ఇవాళ మొత్తం చెప్పాను, జుట్టు సంగతి కూడా. చాలాసేపు మాట్లాడలేదు. కాల్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత పేరు చదవమంది. చదివాను. సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి చదువు అంది. రెండోసారి చదివాక, "దేవుడి గదిలో వద్దులే, నీ బీరువాలో పై అరలో పెట్టుకో, పిల్లాడి చేతికి అందకుండా" అంది.